ఆవిడకి వేరుకాపురం

బస్సులో కండక్టరు ఉద్యోగం నాది. నలభై మంది పట్టే బస్సులో తొంభై మందిని ఎక్కించి, "జరగండి, ఇంకా జరగండి, వెనక బోలెడంత చోటుంది!" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఎక్కేటప్పుడు జుట్లు పట్టుకున్నవాళ్ళే నాలుగు స్టాపులు దాటేసరికి ఒకరి భుజం మీద ఒకరు కునుకు తీస్తారు. అందుకే సర్దుకుంటే లోకంలో అందరికీ చోటుందని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి గండి కొట్టింది మా కోడలి చేప.

కోడలు పళ్ళ సెట్లు తయారుచేసే చోట పని చేస్తుంది. మా ఇంటికి కాపురానికి వస్తూ ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని దిగింది. బకెట్టులో నా గుప్పెడంత పఫర్ చేప. ఒళ్ళంతా మచ్చలు, గుండ్రటి పొట్ట, పైనా కిందా మనిషికున్నట్టు పళ్ళు! కోపమొస్తే బంతిలా ఉబ్బిపోతుందట.

"దీనికి వేరే తొట్టి కావాలి అత్తయ్యా. ఎవరితోనూ పడదు" అంది కోడలు.

"పడకపోవడమేంటి? నా ఇంట్లో వేరు అన్న మాట వినపడకూడదు. ఉన్నదాంట్లోనే సర్దుకుంటుంది" అన్నాను.

హాల్లో నా తొట్టి ఉంది. అందులో దొరసాని అని నేను ముద్దుగా పెంచుకునే గోల్డ్‌ఫిష్, దాని వెనక చిన్న చేపల గుంపు. మర్నాడు కోడలు పనికి వెళ్ళగానే బకెట్టు తెచ్చి, "కాస్త జరగండమ్మా, కొత్త మనిషొచ్చింది" అంటూ తొట్టిలో వంచేశాను. చేయి తుడుచుకునేలోపు రెండు చిన్న చేపలు మాయం! దొరసాని తోక సగం లేదు! లబోదిబోమంటూ వంటింట్లోంచి జల్లెడ తెచ్చి దాన్ని పైకి తీస్తే, జల్లెడలోనే ఉబ్బి, నా మొహాన నీళ్ళు ఉమ్మింది.

సాయంత్రం ఇల్లు దద్దరిల్లింది.

"ఎవర్నడిగి వేశారు?"

"నా తొట్టికి ఎవర్నడగాలే?"

"పాపం, రెండేసి చేపలు ఒక్కసారే మింగితే దానికి కడుపునొప్పి రాదూ?"

"ఓసి నీ అసాధ్యం కూలా! చచ్చింది నా చేపలైతే కడుపునొప్పి నీ చేపకా?"

ఒకరి మొహాలొకరు చూసుకుని పకపకా నవ్వేశాం. ఆగుదామంటే ఆగదే! నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి. మా ఇద్దరి వరసే అంత. తను ఒకటంటే నేను రెండంటాను, చివరికి ఇద్దరం నవ్వుతాం. మా అబ్బాయి మాత్రం చెవుల్లో దూది పెట్టుకుంటాడు. తను రాకముందు ఈ ఇంట్లో నాతో పోట్లాడే దిక్కు లేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. పైకి అనను గాని, ప్రాణం.

అప్పటికప్పుడు మా అబ్బాయి తొట్టి మధ్యలో చిల్లుల పలక ఒకటి అడ్డం పెట్టి, దాన్ని అటు, నా చేపల్ని ఇటు ఉంచాడు. నాలుగు రోజులు పోయాక, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి కోడలి గొంతు వినపడింది. చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"ఆవిడతో ఇక వేగలేమే. ఎవరు ఎదురైతే వాళ్ళ మీదికి పోతుంది. ఆదివారం వేరు పెట్టేస్తున్నాం. మీ బావ చోటు కూడా చూశారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, చెబితే రభస."

చేతిలో తడిచీర జారి కింద పడింది. ఆవిడ! కోడలు చాటున అత్తని ఇంకేమని పిలుస్తుంది? వేరుకాపురం పెడుతున్నారన్నమాట. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈ నోరుంది చూశారూ, ఇదే నా కొంప ముంచింది.

ఆ పూట నుంచి నేను వెన్నముద్దనైపోయాను. "టీ తాగుతావా తల్లీ?" అంటే కోడలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరమేమో అని చూసింది. ఆ చేపకి పళ్ళు ఆగకుండా పెరుగుతాయని, నత్తగుల్లలు కొరికితేనే అరుగుతాయని తను చెప్పింది గుర్తొచ్చింది. శనివారం బస్టాండు పక్కనున్న చేపల కొట్లో బతికున్న నత్తలు తీసుకుని, టికెట్ల సంచీలో వేసుకుని డ్యూటీ ఎక్కాను.

బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా అది! ఒకాయన చిల్లర కోసం చెయ్యి చాపితే అలవాటుగా సంచీలోంచి చేతికందింది తీసి అరచేతిలో పెట్టాను.

"ఇదేంటమ్మా, కదులుతోంది?"

"చిల్లర లేదు, సర్దుకోండి" అనేశాను.

ఆయన కేక పెట్టాడు. సంచీ తలకిందులైంది. నత్తలు సీట్ల కిందికి దొర్లాయి. డ్రైవరు బస్సు పక్కకి ఆపి, కడుపు పట్టుకుని నవ్వాడు. ప్రయాణికులంతా వంగి, "ఇక్కడొకటి! అక్కా, నీ చెప్పు కింద!" అని ఏరి ఇచ్చారు. నవ్వుతూనే ఏరుకున్నాను గాని, రేపు ఆదివారమని గుర్తొచ్చి రెండు స్టాపులు అరవడం మర్చిపోయాను.

పొద్దున్నే కోడలు నా గది గుమ్మంలో నిలబడింది. వెనక చేతిలో బకెట్టుతో మా అబ్బాయి. "అత్తయ్యా, మీ మంచం కాస్త జరపాలి."

అంతే, కట్ట తెగింది. "పోయేవాళ్ళు పోక, నా మంచం ఎందుకే జరపడం! నేనిక ఎవరి మీదికీ పోను తల్లీ. కావాలంటే ఇంటి మధ్యలో చిల్లుల పలక పెట్టుకోండి, అటు మీరు, ఇటు నేను. వేరుకాపురం మాత్రం వద్దే!" అని బావురుమన్నాను.

"వేరుకాపురమా? ఎవరికి?"

అప్పుడే ఇద్దరు మనుషులు పెద్ద గాజు తొట్టి మోసుకుంటూ లోపలికొచ్చారు. ఏడుపు ఆపి కోడలి వైపు తిరిగాను.

"ఫోన్లో ఆవిడన్నావు?"

"చేప అత్తయ్యా!"

"చేపని ఆవిడనేదెవరే?"

కోడలు నాలుక కరుచుకుంది. మా అబ్బాయి గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు, నవ్వాపుకోలేక.

"అది గాజు దగ్గరికొచ్చి, కళ్ళు తిప్పి తిప్పి, మా మొహాల్లోకి టికెట్టు అడిగినట్టే చూస్తుంది. అందుకని..." అని నసిగింది కోడలు.

కోప్పడదామని మూతి బిగించాను. బకెట్టులో ఆవిడ కూడా అప్పుడే బుస్సున ఉబ్బింది. కోడలు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నేల మీద కూలబడి నవ్వింది. నాకూ తెరలు తెరలుగా నవ్వొచ్చేసింది.

"మరి నా గదిలోనే ఎందుకు?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"మీరు కనపడితేనే పైకొస్తుంది. మేమెంత పిలిచినా మొహం తిప్పుకుంటుంది. ఇల్లు వదిలి మేమెక్కడికి పోతాం గాని, ముందు మంచం పట్టండి."

తలాపు వైపు నేను పట్టాను, కాళ్ళ వైపు తను పట్టింది. గోడ దాకా వచ్చి ఆగితే ఊరుకోలేదు.

"ఇంకా జరగండి అత్తయ్యా, వెనక బోలెడంత చోటుంది!"

జరిగాను.