నాలుగు బైట్ల సందు

మూడోసారి సొరుగులు రెండూ లాగి, కాగితాలు దులిపి, మళ్లీ లోపలికి తోశాడు. భూతద్దం లేదు. నిన్న సాయంత్రం కాగితాలు కుక్కిన పై సొరుగులోనే పడేసిన గుర్తు. పిడికి తెల్ల టేపు చుట్టిన ఆ అద్దం లేకపోతే తెర మీది అక్షరాలు చీమల బారులే.

ఆఫీసులో ఆయన్ని తుడుపాయన అంటారు. కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నల్ ఒక ప్రోగ్రాముకు మెమరీ ఇచ్చేముందు, అందులో మిగిలిన పాత సమాచారాన్ని సున్నాలతో తుడిచిందో లేదో చూడడమే ఇరవై రెండేళ్లుగా ఆయన పని. తుడవకపోతే ఒకరి రహస్యం ఇంకొకరి చేతిలో పడుతుంది. ఇవాళ ఆఖరి రోజు. విసుగొచ్చి మానేస్తున్నానని అందరికీ చెప్పాడు. రెండేళ్లుగా చూపు పోతోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఈ రెండేళ్లలో తను సరేనన్న ప్రతి కోడు లైనునూ అనుమానిస్తారు. అది తలచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

తెరకు ముక్కు ఆనించాడు. లేచి నీళ్లు తాగాడు. మళ్లీ కూర్చుని, ఒకచోట ఆగిపోయాడు.

"మేడమ్, ఒక్కసారి ఇటు రండి."

టీమ్ లీడర్ గడియారం చూసుకుంటూ వచ్చింది. "నాలుగింటికి కొత్త వెర్షన్ విడుదలండీ. ఇప్పుడేం కొంప మునిగింది?"

"ఈ పట్టికలో గడులు ఒక్కొక్కటిగా నింపారు. మొత్తం తుడవలేదు."

"అన్నీ నింపాక తుడవడానికేముంది, మీ చాదస్తం కాకపోతే!"

"గడికీ గడికీ మధ్య సందుందండీ. నాలుగు బైట్లు. దాన్నెవరూ నింపరు."

ఆ సందులో ఉన్నదాన్ని తెర మీదికి రప్పించాడు. నాలుగు అక్షరాలు. పొద్దున అదే కంప్యూటర్లో ఆమె కొట్టిన పాస్‌వర్డులో మొదటి నాలుగు. ఆమె ముఖం పాలిపోయింది.

"బాబోయ్! తుడిచేయండి."

పట్టికనంతా ముందే సున్నాలు చేసే ఒక్క లైను రాశాడు. "మీరు పైకి చదవండి, నేను వింటాను," అన్నాడు. ఆమె చదివింది. విడుదల అరగంట ఆలస్యమైంది.

బల్ల నలుసు లేకుండా తుడిచి, కార్డు అప్పగించి, సొరుగులు ఇంకోసారి తడిమి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర మెట్టుకోసం కాలితో వెతుక్కోవడం ఎవరూ గమనించలేదు.

మర్నాడు ఆయన బల్ల కింది సొరుగు పూర్తిగా మూసుకోవడం లేదని ఆమె దాన్ని ఊడదీసింది. సొరుగుకూ వెనక చెక్కకూ మధ్య సందులో భూతద్దం. ఎందుకు పైకి చదవమన్నాడో ఆమెకు అప్పుడర్థమైంది. చుట్టూ చూసింది. ఎవరికీ చెప్పకూడదనుకుంది. ఆయన చూసిన పాత లైన్లు తనొక్కతే మళ్లీ చదవాలనుకుంది. అద్దం తుడుద్దామని గుడ్డ తీసి, ఆగింది.

దాని మీద ఆయన బొటనవేలి ముద్ర అలాగే ఉంది.