మగ్గాల మోతలో సరోజన పాట

1984లో ఎంగిలిపూల బతుకమ్మకు పదిహేను రోజులున్నాయనగా సరోజనకు భయం పట్టుకుంది. గొంతు ఇంకా రాలేదు.

వరంగల్‌లోని ఆ వాడలో పదహారేళ్లుగా పాట ఎత్తేది ఆమే. ఆమె ఒక చరణం పాడితే, చుట్టూ తిరిగే డెబ్బై మంది దాన్నే తిప్పి అంటారు. ఈసారి ఆమె ఎత్తకపోతే పక్కింటి పద్మ ఎత్తుతుంది. ఒకసారి చేయి దాటిన పాట తిరిగి రాదు. అంతకుముందు పాట ఎత్తే లచ్చవ్వ జ్వరపడిన ఏడు సరోజనకు అది అలాగే వచ్చింది.

నెల కింద హనుమకొండ దవాఖానలో ఆమె కడుపులోని గడ్డ తీశారు. మత్తులో ఉన్నప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేశారు. కుట్లు మానాయి. గొంతు బొంగురుగానే ఉండిపోయింది.

"గొట్టం ఒరుసుకున్నదమ్మా, తగ్గుతది," అన్నాడు డాక్టరు. "జోరు పెట్టకు. మెల్లగ పాడు."

ఇంట్లో పాడితే గోడవతల పద్మ వింటుంది. సరోజన ఒక ఉపాయం ఆలోచించింది. మధ్యాహ్నం భర్త వెంకటరాజానికి పవర్‌లూమ్ షెడ్డుకు అన్నం తీసుకెళ్లి, మూలన కూర్చుని నూలు కండెలు చుడుతూ పాడసాగింది. ఎనిమిది మగ్గాల మోతలో ఎవరి దగ్గు వారికే వినపడదు. ఒక్కరూ తల తిప్పలేదు.

వారం గడిచేసరికి గొంతు ఇంకా గీరుకుపోయింది.

ఎనిమిదో రోజు కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. షెడ్డంతటా ఆమె కేక ఒక్కటే మిగిలింది. అది తన గొంతేనని గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టింది.

పక్క మగ్గం సారయ్య నవ్వాడు. "వదినె, వారం సంది అదే పాటనా? కొత్తది ఎత్తరాదు."

"నీకెట్ల ఎరుక?"

"మోతల మేం పెదవులు చూసే మాట్లాడుకుంటం గద. అందరం నీ పాట చూస్తనే ఉన్నం."

ఆమె భర్త వైపు తిరిగింది. "నీకు గూడ ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాడు వెంకటరాజం బొంగురు గొంతుతో. "నువ్వు పాడుతలేవు సరోజనా, మొత్తుకుంటానవ్. ఈడ నీ గొంతు నీకే ఇనవడది, అందుకే ఇంకింత జోరు జేస్తవ్. ఈ మోతల ఇరవై ఏండ్లు మొత్తుకుంటే నా గొంతు ఎట్లయిందో చూస్తలేవా?"

"ముందుగాల్నే చెప్పద్దా మరి?"

"దాసుకొని పాడుతానవ్. చూసిన్నంటే సిగ్గుపడ్తవనుకున్న. తప్పు నాదే."

మర్నాటి నుంచి ఆమె ఇంటి గడపలోనే పాడింది, తన పాట తనకు వినపడేంత మెల్లగా. అత్త పోశవ్వ చెరుగుతున్న చాట ఆపి చూసింది. "ఇంట్లకు పిల్లి జొచ్చిందనుకున్ననే."

గోడ మీది నుంచి పద్మ తొంగి చూసింది. "అక్కా, ఈ ఏడు నేను ఎత్తనా?"

"నాతోని కాకుంటె నేనే పిలుస్త," అంది సరోజన.

బతుకమ్మ నాడు ఆమె ఉన్నంత గొంతుతోనే ఎత్తుకుంది. అలవాటు కొద్దీ డెబ్బై మందీ ఎప్పటి పై శ్రుతిలోనే అందుకున్నారు. ఆమెకూ పైకి పోవాలనిపించింది, పోలేదు. రెండో చరణమూ కిందనే పాడింది. వరస చెదిరింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మూడో చరణానికి ముందు ముసలివాళ్లు ఆమె శ్రుతికి దిగారు, తర్వాత మిగతావాళ్లు, అందరికన్నా ఆఖరున పద్మ.

అయిదో చరణంలో సరోజన గొంతు ఒకచోట చీలింది. ఆ చరణాన్నే డెబ్బై మంది తిప్పి అన్నారు. వాళ్లు ముగించేలోగా ఆమె ఊపిరి తీసుకుని ఆరోది అందుకుంది.