నివేదికలో లేని వాగు

ఎండిన ఇసుక వాసన. కిటికీలోంచి బడి గదిలోకి... వాగు వాసన.

నీళ్లు లేకపోయినా వాగు వాగే.

ఆ సంగతి బల్ల వెనక కూర్చున్న పెద్దమనుషులకు తెలీదు.

గోడకు పటం. పటం మీద ఎర్ర గీత — చమురు గొట్టం పోయే దారి. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లను అడిగాకే గొట్టం వెయ్యాలట. చట్టం. అందుకని అడగడానికి దయచేశారు. భోజనాల వేళకల్లా అడిగేస్తారు.

కళ్లద్దాలవ్వ వాళ్ల నివేదిక చదివింది. నాలుగు వందల పేజీలు. ఎవరూ నేర్పని చదువు — వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పదకొండు రోజులు. గబ్బిలాలున్నాయి అందులో. కప్పలున్నాయి.

వాగు లేదు.

నలభై ఏళ్ల కిందట ఆమె కూతుర్ని తీసుకుపోయిన వాగు. మూడో రోజు తెచ్చి ఇచ్చిన వాగు. ఆ ఒడ్డునే పూడ్చారు పిల్లను.

ఆ ఒడ్డు మీదుగానే ఎర్ర గీత.

అవ్వ లేచింది.

"వాగేదయ్యా?"

"సర్వేవాళ్లు నడిచి చూశారమ్మా. ఉత్త ఇసుకే," అన్నాడు అధికారి.

"ఎప్పుడు చూశారు?"

"ఎండాకాలం."

"నయం. రాత్రిపూట వచ్చుంటే సూర్యుడు లేడని రాసేవాళ్లు."

గది నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. నవ్వి రాసుకున్నాడు — సభ స్నేహపూర్వకంగా జరిగింది.

"మా పిల్ల ఉందయ్యా అక్కడ."

"గుర్తేమైనా ఉందా అమ్మా? రాయి... పలక..."

"నేనున్నాను."

అతను కాగితం మీద 'సమాధులు' అన్న గడి వెతికాడు. అడ్డగీత గీశాడు.

అయిపోయింది. అడగడం అయిపోయింది.

బయట ఎండ. వాగులో చెట్ల నీడ. పెద్దమనుషులు ఇసుకలో జంపఖానా పరిచి, బూట్లు విప్పి, భోజనాలకు కూర్చున్నారు. చల్లగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

అవ్వ ఒడ్డున చతికిలబడింది, పిల్ల పక్కన.

దూరంగా కొండల మీద ఆకాశం నల్లబడింది.

"అత్తా, పైన గట్టిగానే కురుస్తున్నట్టుంది," కోడలు గొంతు తగ్గించింది. "వాళ్లకి చెప్పొద్దూ?"

"చెప్పాగా. వాగుందని."

కింద ఎవరో జోకు వేశారు. నవ్వులు.

అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించింది. లేవడానికా, లేవకుండా ఉండటానికా — ఆమెకే తెలీలేదు.

గాలి తిరిగింది.

ఎక్కడో పైన... ఇసుక తడుస్తున్న వాసన.