నాలుగో మనిషి

పెళ్లిచూపులకి ముగ్గురు వెళ్తే కుదిరే సంబంధం కూడా చెడిపోతుందని పద్మావతి భయం. తోడు రావాల్సిన ఆడపడుచుకి పొద్దున్నే జ్వరం తగిలింది. కారు నడిపేది పెళ్లికొడుకు మణికంఠే. పక్కన తండ్రి శివనాగరాజు. తనెక్కితే ముగ్గురు.

"గులకరాయి జేబులో వేసుకుంటే నాలుగో మనిషి కిందే లెక్కటే," అన్నాడు శివనాగరాజు.

"రాయితో సంబంధం మాట్లాడిస్తారా?" అని కసురుకుని పద్మావతి పక్కింటి తలుపు కొట్టింది.

రిటైరైన ఎలీసమ్మ టీచరు గారు విషయం విని నవ్వేరు. "మా ప్రార్థనల్లో మూడు మంచిదేనండి. అయినా లెక్కకి నేనొస్తాను, ఆయ్."

"మీరు ఊరికే కూర్చుంటే చాలండి, మాటలు నేను చూసుకుంటాను," అంది పద్మావతి.

రాజోలులో కాఫీలు తెచ్చిన పెళ్లికూతురు దుర్గాశ్రీ పెళ్లికొడుకు వైపు కన్నెత్తలేదు. "టీచరు గారండీ" అంటూ ట్రే అక్కడే పెట్టేసి ఎలీసమ్మ పక్కన చేరింది. చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పిన టీచరట. గంటసేపు ఇద్దరే మాట్లాడుకున్నారు. పద్మావతి ప్రశ్నలన్నీ నోట్లోనే ఉండిపోయేయి. మణికంఠ రెండో కాఫీ కూడా తాగేశాడు.

చివరికి పెళ్లికూతురి తండ్రి, "అబ్బాయి నచ్చేడా అమ్మా?" అని అడిగేడు.

దుర్గాశ్రీ అప్పుడు చూసింది మణికంఠని, తీరిగ్గా. "నచ్చేరండి. టీచరు గారి పక్కిల్లట కూడాను."

తిరుగు దారిలో పద్మావతి మొగుడి వైపు తిరిగింది. "చూసేరా, ముగ్గురమే వస్తే కుదిరేదా?"

శివనాగరాజు కారు అద్దం దించి, జేబులోంచి గులకరాయి తీసి కాలవలోకి విసిరేశాడు.