నరహరి తాతకు వినిపించేవి

సూరత్‌లో మనవాళ్లుండే భేస్తాన్‌లోని ఆ గల్లీలో పొద్దున ఎనిమిదింటికి వజ్రమ్మ పొయ్యి మీది నుంచి చాయ్ గిన్నె దించేది. దించి, మొగుడిని పిలవడానికి ఒక పిల్లను వెతుక్కునేది. మొగుడితో నేరుగా మాట్లాడే యోగం ఆమెకు పాతికేళ్లుగా లేదు. పవర్‌లూమ్ మగ్గాల మోతలో నరహరి చెవులు పోయాయి. పెద్దవాళ్ల మాట ఒక్కటీ వినపడదు. పిల్లల మాట మాత్రం మూడు గల్లీల అవతలి నుంచైనా వినపడుతుంది. వాళ్లు నోరు విప్పకపోయినా వినపడుతుంది.

గల్లీలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. మగ్గాల మధ్య బతికినవాళ్లలో ఒకరికి దగ్గు మిగులుతుంది, ఒకరికి నడుం నొప్పి మిగులుతుంది, ఈయనకు ఇది మిగిలింది. చెవి మిషన్లు పంచే క్యాంపులో డాక్టరు కూడా, పిల్లలవి వినపడుతున్నాయి కదా ఇంకెందుకు అని మిషన్ వెనక్కి తీసుకున్నాడు.

కాబట్టి నరహరితో ఏ పని పడినా మధ్యలో ఒక పిల్ల ఉండాల్సిందే. ఆ పిల్లలు మాటలు మోస్తూ దారిలో కాస్త ఉప్పూ కారం చల్లేవారు.

"తాతా, అవ్వ చాయ్ తాగుమంటుంది. తానం చెయ్యలేదని తిడుతుంది గూడ."

"నేనెప్పుడు తిట్టిన్నే పిల్లా?" అనేది వజ్రమ్మ.

"మనసుల తిట్టినవ్ గదా అవ్వా" అనేది సంధ్య.

సంధ్య ఎదురింటి నీరజ కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల. మాటలు మోయడంలో దాన్ని మించినవాళ్లు ఆ గల్లీలో పుట్టలేదు.

పనులకు పోయే తల్లులు పిల్లల్ని నరహరి ఇంటి ముందు గట్టు మీద దించి పోయేవారు. చంటిపిల్ల ఏడిస్తే అది ఆకలో, కడుపునొప్పో, ఒట్టి పేచీయో ఆయన కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. ఏ పిల్లవాడి మాటైనా సగంలో తెగిపోవడం మొదలైతే "వీడు పెద్దోడైతుండు" అని నవ్వేవాడు, ఆ సాయంత్రం మాత్రం కాస్త దిగులుగా ఉండేవాడు. నీరజ కూడా ఆ గట్టు మీదే పెరిగింది. ఆ రోజులు తలుచుకుంటే గల్లీవాళ్లకు ఇప్పటికీ గొంతు మెత్తబడుతుంది. నాకూ అంతే.

కరోనా మొదటి ఏడు, లాక్‌డౌన్ సడలి మగ్గాలు మళ్లీ ఆడుతున్న వానాకాలం. బడులు ఇంకా తెరవలేదు. నీరజ మొగుడు లింగం కామ్‌రేజ్ దగ్గర మిల్లులో పని. రోగం భయంతో సేటు పనివాళ్లను లోపలే పడుకోబెడుతున్నాడు, ఆదివారం ఒక్కటే ఇంటికి వదిలేవాడు. లింగానికి తమ్ముడి వరసైన సాయికుమార్, పని పోయి, ఊరికి పోయే రైలు దొరక్క, వాళ్ల గదిలోనే దిగాడు. మన ఊరోడు, మన కులపోడు, కష్టంలో ఉన్నాడు. ఆ గల్లీలో ఎవరైనా చోటిచ్చేవారే.

అప్పుడే టీవీలో ఆ వార్త వచ్చింది. దూరాన ఏదో పట్నంలో ఒక ముసలివాడు పక్కింటి పాప మీద అఘాయిత్యం చేశాడు. జరిగింది నిజమే, చిన్న సంగతి కాదు, చెప్పాల్సిన సంగతే. కానీ ఛానెల్‌వాళ్లు చెప్పి ఊరుకోలేదు. ముసలివాడు పాప చెయ్యి పట్టుకుని నడిచే పదకొండు సెకన్ల వీడియోకు, వాడి తల చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి, తొమ్మిది రోజులు తిప్పారు. మీ పక్కింటి తాతను మీరు నమ్మగలరా అని యాంకరమ్మ పొద్దస్తమానం అడిగింది. రోగానికి భయపడి ఇళ్లలో కూర్చున్న జనం ఆ ప్రశ్నను అన్నంతో పాటు తిన్నారు. వాట్సాప్‌లోకి వచ్చేసరికి అది సూరత్‌లోనే జరిగిందన్నారు. మర్నాడు వరాఛాలో అన్నారు. ఆ మర్నాటికి పక్క గల్లీదాకా వచ్చేసింది.

అందరికంటే ముందు నీరజే పిల్లను లోపలికి పిలుచుకుంది.

"తాత మంచోడే గావచ్చు" అంది పక్కింటి ఎల్లవ్వతో. "మనిషి లోపలేమున్నదో ఎవలకెరుక? మా ఇంట్ల మనోడు సాయి ఉన్నడు, వాడు చూసుకుంటడు."

లేసు కుట్టే కార్ఖానాకు పోతూ రోజూ మరిదికి మరీ మరీ చెప్పేది: "లోపల గొళ్లెం పెట్టుకో తమ్మీ. ఎవలొచ్చినా తియ్యకు."

వారం తిరక్కుండానే గట్టు ఖాళీ అయింది. ఎందుకో నరహరికి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి పిల్లలు కావాలి కదా. తాత చెయ్యి పట్టుకుంటే పోలీసోళ్లొస్తరట అని పిల్లలు ఇళ్లలో అనుకునే మాటలు మాత్రం ఆయన చెవిన పడుతూనే ఉండేవి. నేనేం చేసిన అని వజ్రమ్మను అడిగాడు. మగ్గాల కాడ మోతలో మాట వినపడదని పనివాళ్లు చేతులతో సైగలు చేసుకుంటారు, మగ్గాలకు దారం కండెలు చుట్టిన మనిషి కాబట్టి ఆమెకూ అవి వచ్చు. కానీ అన్నీ మగ్గం సైగలే, అపనిందకు సైగ లేదు. చివరికి రెండు వేళ్లు కలిపి విడదీసి, దారం తెగిందని చూపించింది.

"తెగితే ముడేస్తం గదా" అన్నాడు నరహరి. వజ్రమ్మ లోపలికి పోయి గిన్నెలు తోముతూ కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ఆయన గట్టు మీద కునుకు తీస్తుంటే సంధ్య మాట వినపడింది. అది నోటితో అన్నది కాదు.

"అమ్మా, గొళ్లెం పెట్టుకొమ్మని చెప్పకే. సాయి చిన్నాయినతోని నన్ను ఉంచకే."

నరహరి లేచి ఎదురింటి తలుపు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. తను ఆ తలుపు బాదితే గల్లీ ఏమనుకుంటుందో ఆయనకు తెలుసు. తనను కొట్టినా కొట్టనీ, ఆ గొడవలో పిల్ల మాట ఎవరూ వినరు. వజ్రమ్మను లాక్కొచ్చి తలుపు ముందు నిలబెట్టి, కొడుతూనే ఉండమని చేత్తో చూపించాడు. ఎందుకో తెలియకపోయినా ఆమె, "జర ఉప్పియ్యే సంధ్యా" అంటూ దబదబా బాదడం మొదలుపెట్టింది. ఆయన కార్ఖానాకు పరుగెత్తాడు, ఆ వయసులో దాన్ని పరుగు అనవచ్చో లేదో గానీ.

గుమ్మంలో ఆయన్ని చూసి ఆడవాళ్లంతా ముఖాలు ముడుచుకున్నారు. నీరజ తల ఎత్తి చూసి మళ్లీ మిషన్ తొక్కసాగింది. పిలిచినా లేవలేదు. అప్పుడు నరహరి కుడిచెయ్యి తల మీదికెత్తి పిడికిలి బిగించాడు. మిషన్ ఆపమని మగ్గాల సైగ అది. చూపించింది ఎవరని అడగకూడదు, ఎందుకని అడగకూడదు. ఎవరి చెయ్యో, ఎవరి జుట్టో మిషన్‌లో చిక్కిందని దానర్థం. చూసినవాళ్లు ముందు స్విచ్ కట్టెయ్యాలి, తర్వాతే మాట. నీరజ సాలెవాళ్ల బిడ్డ. ఆమె కంటే ముందు ఆమె చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"గొళ్లెం పెట్టుకొమ్మని చెప్పకే అంటుంది బిడ్డ" అన్నాడు నరహరి, తన మామూలు పెద్ద గొంతుతోనే. "సాయి చిన్నాయినతోని ఉంచకే అంటుంది."

నీరజకు ఆరేళ్లప్పుడు నూలు గోదాములో దాగుడుమూతలాడి బేళ్ల వెనక నిద్రపోతే, బయట తాళం వేసేశారు. లేచాక తిడతారని భయపడి ఏడవనైనా లేదు. చీకట్లో నోరు మూసుకుని కూర్చుంది. అయినా ఈ మనిషి తాళంచెవి తెచ్చి తలుపు తీశాడు. ఇరవై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ చీకటి ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చింది. ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు.

నీరజ అరుపుకు సాయి గొళ్లెం తీసి తలుపు తెరిచేసరికి సంధ్య వచ్చి రెండు చేతులతో తల్లి చీర పట్టుకుంది. లోపల ఏం జరిగిందో పిల్ల తర్వాత తల్లికి చెప్పింది, పోలీసుస్టేషన్‌లో ఒక మేడమ్‌కు చెప్పింది. వినాల్సినవాళ్లు విన్నారు. టీవీవాళ్ల లాగా దాన్ని మళ్లీ మళ్లీ చూపించే పని నాకు లేదు.

స్టేషన్‌కు పోయే ముందు ఎల్లవ్వా, ఇద్దరు ముగ్గురు కులపెద్దలూ వచ్చి కూర్చున్నారు.

"మనోడాయె, ఇజ్జత్ పోతది" అంది ఎల్లవ్వ. "చప్పుడుచేయక ఊరికి తోలుదాం."

"ఊర్ల పిల్లలు లేరా ఎల్లవ్వా?" అంది నీరజ. కబురందుకుని వచ్చిన లింగమే ఆటో పిలిచాడు.

కేసైంది, సాయికుమార్ జైలుకు పోయాడు. ఏ ఛానెల్‌లోనూ రాలేదు. ఇంట్లోవాడి తల చుట్టూ గుండ్రం గియ్యడానికి వాళ్ల దగ్గర వీడియో లేదు.

సంధ్యకు మాత్రం నిద్ర దూరమైంది. పగలూ రాత్రీ కళ్లు తెరుచుకునే ఉండేది, స్టేషన్ నుంచి వచ్చాక ఎవరితోనూ పలికేది కాదు. పన్నెండో రోజు మధ్యాహ్నం నీరజ పిల్లను భుజాన వేసుకుని గట్టు దగ్గరికి వచ్చింది. కూర్చోవాలో వద్దో తెలియక నిలబడితే వజ్రమ్మ జరిగి చోటిచ్చింది. సంధ్య వజ్రమ్మ ఒళ్లో తల పెట్టుకుని గోడవైపు తిరిగింది.

నీరజ చెప్పుకోవాల్సింది చాలా ఉంది, మాటలు మోసుకుపోయే పిల్ల లేదు. అయినా చెప్పింది.

"తప్పైంది తాతా."

ఆయన ఆమె వైపు చూడనే లేదు. పిల్ల వైపు చెవి వంచి కూర్చున్నాడు.

"బిడ్డ ఏమంటుందో అడుగవ్వా" అంది నీరజ.

వజ్రమ్మ మొగుడి మోకాలు తట్టి, పిల్లను చూపించి, ఏంటన్నట్టు చెయ్యి తిప్పింది.

"ఏమంటలేదు" అన్నాడు నరహరి, ఎన్నడూ లేనంత మెల్లగా. "పండుకున్నది."