స్వదస్తూరితో కారణం

నాకు ఇష్టం లేదని నేను ఎప్పుడైనా అనుకున్నానా?

బియ్యంలో రాళ్లు ఏరుతూ ఈ ప్రశ్న వేసుకున్నాను. చాట పక్కన, ఎగిరిపోకుండా పప్పు డబ్బా కింద పెట్టిన ఉత్తర్వు ఉంది. రెండు వేల నాలుగు మార్చిలో జరిగే పదో తరగతి పరీక్షలకు, శామీర్‌పేట వైపున్న ఒక కేంద్రానికి చీఫ్ సూపరింటెండెంట్‌గా నన్ను నియమించారు. నన్ను, అంటే మేడ్చల్ దగ్గరి ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే సుశీలను. పోయిన ఏడు ఎక్కడో ప్రశ్నపత్రాల కట్ట ముందే విప్పారని నియమాలు మార్చారు. చీఫ్ బాధ్యత ఎప్పటిలాగే సీనియారిటీ వరుసలోనే. వద్దనుకునేవారు మాత్రం ఇకమీదట టైపు కాగితం కాక స్వదస్తూరితో కారణం రాసి ఇవ్వాలి, అదీ ఈ రోజు పన్నెండింటిలోగా. వద్దననివారు సాయంత్రం ఐదింటిలోగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, ప్రశ్నపత్రాలు దాచబోయే ఇనుప పెట్టెకు తమ తాళం వేసి రావాలి.

తొమ్మిదేళ్లుగా నా పేరు ఆ వరుసలో వస్తూనే ఉంది. తొమ్మిదేళ్లుగా నేను వద్దంటూనే ఉన్నాను. నిజానికి అన్నది కూడా నేను కాదు. మా గుమాస్తా సిద్దిరాములు ఏటా ఒక టైపు కాగితం తెచ్చేవాడు. కుటుంబ కారణాల వల్ల అనిష్టం తెలియజేస్తున్నానని అందులో ఉండేది. "మేడం, గీడ ఒక్క సంతకం" అనేవాడు. సుద్ద అంటిన వేళ్లతోనే పెట్టేదాన్ని. ఆ పదవి వరుసలో నా తర్వాతున్న మా బడి పరమేశ్ సారుకు వెళ్లేది.

వెళ్లేది పదవి మాత్రమే. ఏ గదిలో ఎవరు కూర్చోవాలో పట్టిక గీసేదాన్ని నేను. బెంచీల మీద హాల్ టికెట్ నంబర్లు వేసేదాన్ని నేను. జవాబుపత్రాల కట్టలు గుడ్డలో కుట్టి లక్క ముద్ర వేస్తే, పైన సంతకం పరమేశ్ సారుది. "మేడం చెయ్యి పడితె తప్పు రాదు" అని ఆయన అందరి ముందూ మెచ్చుకునేవారు. మెచ్చుకోలు ఎంత చవకైన ప్రతిఫలమో నాకు ఆలస్యంగా తెలిసింది. కాపీ చిట్టీల కోసం ఆడపిల్లల తనిఖీ కూడా నాకే అప్పగించేవారు. ఒక ఏడు నేను జడ కింద, లంగా మడతల్లో వెతుకుతుంటే ఒక పిల్ల చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆమె దగ్గర చిట్టీ లేదు. ఆ వణుకుతోనే లోపలికి వెళ్లి లెక్కల పరీక్ష రాసింది. ఈ తడుములాట మానేసి, గేటు దగ్గర ఒక బల్ల వేసి, ఉన్న చిట్టీలు మీరే ఇక్కడ పెట్టి వెళ్లండని చెబితే చాలునని నాకు అప్పుడే తోచింది. పరమేశ్ సారుతో అన్నాను కూడా. "చీఫ్ నేను గద మేడం" అని నవ్వారు.

"ఏందే, ఇంక రాయలేదా?" నా భర్త భాస్కర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గడపలో నిలబడ్డారు. "పానం బాగలేదని రెండు ముక్కలు రాసి పారెయ్."

"నా పానం మంచిగనే ఉన్నది గదా."

"అయితె పొద్దుగాల్నే పోలీస్ స్టేషన్‌కు పొయ్యి పెట్టె ఎత్తుకొస్తవా? ఊర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

ముందు గదిలోంచి మా అత్తగారు రుక్కమ్మ అందుకున్నారు. "పరీక్షలున్న పదకొండు దినాలు ఏడు గొట్టక ముందే పోతవట. ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టియ్యాలె బిడ్డా? నాకైతె మోకాళ్లు లేస్తలెవ్వు."

భాస్కర్‌ది ప్లాట్ల వ్యాపారం. తుర్కపల్లి దగ్గర నా పేరున ప్లాటు కొన్న రోజు, రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో ముక్కూ మొహం తెలియని మగవాళ్ల మధ్య నన్ను మూడు గంటలు కూర్చోబెట్టి తాను పనిమీద తిరిగారు. ఆ రోజు ఇజ్జత్ ఎక్కడికీ పోలేదు. సంతకం ఆయనకు అవసరమైతే పరువు నిలుస్తుంది, నాకు అవసరమైతే పోతుంది. ఈ సూత్రం ఇంతకాలం నా కంట పడలేదంటే, లెక్కలు చెప్పే మనిషిగా సిగ్గుపడాలి.

పదకొండున్నరకు స్టాఫ్ రూములో తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. "అనారోగ్యం వల్ల" అని రాసి ఆగాను.

"ఏం బీమారి అక్కా?" సోషల్ చెప్పే జహేదా నా భుజం మీదుగా చూసింది. "బీపీ అని రాయి. షుగర్ అని రాసినవనుకో, ఈద్‌కు మా ఇంట్ల తియ్యటి షీర్ ఖుర్మా పెడ్తె అందరు నీ గిన్నె దిక్కే చూస్తరు."

నవ్వాను. నవ్వు ఆగాక నిజం బయటికి వచ్చింది. "నాకు భయమైతాంది జహేదా."

"అయితె గదే రాయి. రాస్తవా?"

కలం పట్టుకున్నాను. టైపు కాగితం ఎవరి తరఫునైనా మాట్లాడుతుంది. సొంత చేతికి మాత్రం ఒక ఇబ్బంది ఉంది, రాసే ముందు అది మనసులోకి వెళ్లి అడిగి వస్తుంది. అడిగాను. స్టేషన్ గేటు, ఖాకీ చూపులు, ఒక్క కట్ట తారుమారైతే నా మీద పడే నింద, ఇంట్లో ముడుచుకునే మొహాలు. భయం ఉంది. అది నాదే. ఎంత వెతికినా అనిష్టం దొరకలేదు. ఎవరిదో అనిష్టాన్ని నా భయంలో చుట్టి తొమ్మిదేళ్లు నా పేరుతో ఇస్తూ వచ్చాను.

సిద్దిరాములు గుమ్మంలో నిలబడ్డాడు. "మేడం, పన్నెండు గావస్తాంది. పరమేశ్ సారు రెండుసార్లు అడిగిండు. కాయిదం ఇస్తె పంపుత."

"కాయిదం లేదు సిద్దిరాములూ. కారణం దొరకలే."

"అంటె?"

"అంటె, నేనే పోతున్న."

అతను నన్నూ, బల్ల మీది సగం వాక్యాన్నీ చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "తాళం మనదే కొనాలె మేడం. అగ్గువది కొనకుండ్రి. గుంజితె ఊడొస్తది."

హెడ్మాస్టర్ గారికి సెలవు చీటీ ఇచ్చి, బజారులో బరువైన తాళం కొని, రూపాయి ఫోను నుంచి ఇంటికి చేసి, స్టేషన్‌కు పోతున్నానని చెప్పాను.

"నా ఇజ్జత్..." అని భోజనానికి ఇంటికొచ్చిన భాస్కర్ మొదలుపెట్టారు.

"ఇజ్జత్‌కు ఏం గాదు. పదకొండు రోజులు పొద్దుగాల బువ్వ మీరు వండుండ్రి. కుక్కర్‌కు మూడు విజిల్స్."

అవతల నుంచి "నీళ్లెన్ని పొయ్యాలె?" అని వినిపించింది. కోపంగానే అడిగారు. అయినా అడిగారు.

శామీర్‌పేటలో షేర్ ఆటో దిగేసరికి నాలుగు కావస్తోంది. స్టేషన్ వరండాలో కానిస్టేబుల్ నా చేతిలోని ఉత్తర్వు చూసి, నా వెనక్కి చూశాడు. "సారు బయట ఉన్నడా అమ్మా? లోపటికి రమ్మనుండ్రి."

"సారు ఎవరూ లేరు. చీఫ్‌ను నేనే. పెట్టె ఎక్కడున్నది?"

అతను లేచి లోపలి గదికి దారి చూపాడు. పెట్టె తెరిచి, ఖాళీగా ఉందని చూసి, మూసి తాళం వేశాను. రెండుసార్లు గుంజాను. రిజిస్టరులో పేరు, హోదా, సమయం రాశాను. భయం ఇంకా ఉంది. అక్షరాలు మాత్రం స్పష్టంగా పడ్డాయి. తాళంచెవి సంచిలో వేసుకుని కానిస్టేబుల్ వైపు తిరిగాను.

"నేను లేకుండ ఈ పెట్టె ఎవలు ముట్టొద్దు" అన్నాను.