ఉడుంపట్టు ప్లంబరు

తొమ్మిదేళ్లుగా ప్లంబరు మనసులో ఒక సందేహం నలుగుతూనే ఉంది. అక్క వంటింట్లో తను బిగించిన కుళాయి తెల్లారేసరికి పగిలి ఇల్లంతా నీళ్లయింది కదా, అది ఎవరి వల్ల? ఆ రోజు అక్క అడిగితే అతను క్షణమైనా ఆలోచించకుండా, పడుకోబోయే ముందు బావే గట్టిగా తిప్పి ఉంటాడని చెప్పేశాడు. అక్క నమ్మింది. ఆమె తమ్ముడు పనిమంతుడు, పైగా దైవభక్తి ఉన్నవాడు. అప్పటినుంచి బావ కుళాయి వైపు చెయ్యి చాపితే చాలు, "మీరు ముట్టుకోకండి" అంటుంది. పాపం ఆయన చేతులు కడుక్కోవాలన్నా పెళ్లాన్ని పిలవాలి. వచ్చిన చుట్టాలకు అదో వినోదం.

ప్లంబరు రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని అన్నీ చెప్పుకునేవాడు. ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, నీకు తెలియనిదేముంది స్వామీ అని దాటేసేవాడు. దేవుడికి తెలిసినంత మాత్రాన అక్కకు తెలిసినట్టవుతుందా అన్న ప్రశ్న అతనికి రాకపోలేదు. వచ్చినప్పుడు కళ్లు ఇంకాస్త గట్టిగా మూసుకునేవాడు.

బావాబావమరుదులిద్దరికీ ఒకే గోల్ఫ్ మైదానంలో ఉద్యోగం. బావ పచ్చిక కోసే బండి నడుపుతాడు, ఇతను నీటి గొట్టాలు చూసుకుంటాడు. సోమవారం ఆటగాళ్లు రారు కాబట్టి పనివాళ్లు తలా ఒక బుట్ట బంతులు కొట్టుకోవచ్చు. బావ కర్రను పట్టీ పట్టనట్టు పట్టుకుని, మణికట్టు విసురుతో బంతిని అవతలి గట్టు దాటిస్తాడు. ప్లంబరు పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి, ఊపిరి కూడా బిగించి కొడతాడు. బంతి కన్నా మట్టిపెళ్ల దూరం వెళుతుంది. తోటివాళ్లు అతనికి ఉడుంపట్టు అని పేరు పెట్టారు. కొన్నాళ్లు అతను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

ఒక సోమవారం, ఆట నేర్పే కోచ్ అమ్మాయి అతని అవస్థ చూడలేక దగ్గరికొచ్చింది. పదికి ఎంత బిగువుగా పట్టుకున్నావని అడిగింది. మూడు అన్నాడు, నిజాయితీగానే. ఆ అమ్మాయి కర్ర రెండో కొస పట్టుకుని లాగింది. కర్ర రాలేదు, తనే రెండడుగులు ముందుకొచ్చింది.

"బాబాయ్, ఇది మూడైతే నీ పదికి కర్ర పిండైపోతుంది."

పిడికిలి బిగిస్తే మణికట్టు కొయ్యబారుతుందనీ, అది తిరగకపోతే కర్ర తల బంతి దగ్గరికి సమయానికి రాదనీ వివరించింది. అతను అంతా అర్థమైనట్టు తలూపాడు. అర్థం కాలేదని ఆ అమ్మాయికి అర్థమైంది. వెళ్లి మొక్కలకు నీళ్లు పెట్టే మెత్తని గొట్టం తెచ్చి, నీళ్లు వదిలి, అతని చేతికిచ్చింది. కర్ర పట్టుకున్నట్టే దీన్నీ పట్టుకుని ఊపమంది. మధ్యలో ధార ఆగకూడదంది.

పైకెత్తేటప్పుడు బాగానే ఉంది. కిందికి దించబోయేసరికి ధార టక్కున ఆగింది. ఏమైందా అని చెయ్యి వదులు చేసి కొస వైపు చూశాడు. ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా మొహాన కొట్టాయి. ఇరవయ్యేళ్లుగా గొట్టాల మీదే బతుకుతున్న మనిషి గొట్టం చేతిలో తడిసి ముద్దవడం చూసి, బావ బండి ఆపి మరీ నవ్వాడు.

"ఇప్పుడు ఎంత?" అంది కోచ్.

"రెండు," అన్నాడు మొహం తుడుచుకుంటూ.

"రెండుకే నీళ్లు ఆగిపోయాయి. నీ బలం నీ చేతికే తెలియడం లేదు బాబాయ్."

అతను మళ్లీ ఊపలేదు. తొమ్మిదేళ్ల కిందట అక్క ఇంట్లో కుళాయి నట్టు బిగిశాక, ఊరికే తృప్తి కోసం, పానాతో ఇంకో అరచుట్టు తిప్పడం గుర్తొచ్చింది. అప్పుడూ అది అతనికి రెండో మూడో అనే అనిపించింది. నట్టు గొట్టంలా మొహాన కొట్టి చెప్పలేదు కదా. తెల్లారేదాకా ఓర్చుకుని పగిలింది.

కోచ్ బలవంతం మీద ఇంకో బంతి కొట్టాడు. మణికట్టు దానంతటదే తిరిగింది. బంతి గాల్లోకి లేచింది. జన్మలో మొదటిసారి. ప్లంబరుకి మాత్రం అది ఎక్కడ పడిందో చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికొస్తానని బావతో చెప్పాడు. రమ్మన్నాడు బావ. కుళాయి మాత్రం ముట్టుకోవద్దనీ, తిట్లు తినడానికి ఆ ఇంట్లో ఒకడు చాలనీ అన్నాడు.

వెళ్లాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు నీళ్లు నమిలాడు. ఒంట్లో బాగాలేదా అని అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి తీసేలోపే చెప్పేయాలనుకున్నాడు.

"అక్కా, అప్పట్లో ఈ కుళాయి పగిలింది నా వల్లే. నేనే అతిగా బిగించాను. నేరం బావ మీదికి తోసేశాను."

అక్క తమ్ముణ్ణి చూసింది, పక్కనే కూర్చున్న మొగుణ్ణి చూసింది. "మీరెందుకు చెప్పలేదండీ?" అంది.

"చెప్పాను," అన్నాడు బావ. "మొదటి ఏడాదంతా చెప్పాను. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు అబద్ధమాడతాడా అన్నావు."

ప్లంబరు తల దించుకున్నాడు. తన అబద్ధానికి సాక్షిగా ఇన్నాళ్లూ ఎవరిని నిలబెట్టాడో అప్పుడు తెలిసింది.

అక్క సింకు దగ్గర నుంచి పక్కకు జరిగింది. బావ లేచి వెళ్లి, రెండు వేళ్లతో కుళాయి తిప్పి, తొందరేమీ లేకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు.